చీకటి పడ్డాక అప్పు లెక్క వేయకండి

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. నాకు 43 ఏళ్లు. నాలుగు ఎకరాల బత్తాయి తోట ఉండేది. పోయిన ఎండాకాలం రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది వేయిస్తే దుమ్ము తప్ప చుక్క రాలేదు. కొన్నాళ్లు ట్యాంకర్లతో నీళ్లు పోశాను. పదకొండేళ్లు పెంచిన చెట్లు కళ్ల ముందే ఎండిపోతే నేనే కొట్టించి కట్టెలకు అమ్మాను. బ్యాంకు బాకీ కాక, ప్రోనోట్ల మీద తెచ్చినదే ఆరు లక్షల దాకా ఉంది. అమ్మాయి ఇంటర్, అబ్బాయి తొమ్మిదో తరగతి. కిందటి నెలలో ఒక రాత్రి ఇక చాలనుకొని ఇంట్లోంచి లేచి పొలానికి వెళ్లాను. ఎండిన బోరు దగ్గర తెల్లవారే దాకా కూర్చున్నాను. పాలు తీసుకుపోయే పక్క చేను అతను చూసి, "ఇంత పొద్దున్నే వచ్చావేం, బండి ఎక్కు, ఇంటి దగ్గర దింపుతాను" అన్నాడు. ఎక్కి వచ్చేశాను. ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. నిద్ర పట్టక తాగుతున్నాను. నేను లేకపోతేనే ఇంటికి బరువు తగ్గుతుందేమో అనిపిస్తోంది. నేను పిరికివాడినా? ఎవరికైనా చెబితే ఊళ్లో తలెత్తుకోగలనా? ఆసుపత్రికి వెళితే పిచ్చివాడని రాస్తారా, పోలీసులకు చెబుతారా? ఆ రాత్రి మళ్లీ వస్తే ఏం చేయాలి?
(పేరు, ఊరు రాయవద్దని కోరారు)

సమాధానం:

తమ్ముడూ, మీరు చివర అడిగినదానికే ముందు జవాబు రాస్తున్నాను. మిగతావి రేపటి దాకా ఆగుతాయి, అది ఆగదు.

ఆ రాత్రి మళ్లీ వస్తే ఒంటరిగా ఉండకండి. పక్కన పడుకున్న మనిషిని లేపండి. లేపాక ఏమీ చెప్పలేకపోయినా పర్వాలేదు. "నాకు భయంగా ఉంది, కాసేపు నాతో కూర్చో" అంటే చాలు. ఫోను తీసి 14416 నొక్కండి. అది టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సహాయవాణి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మొదట ఏ భాష కావాలో అడుగుతుంది. తర్వాత శిక్షణ పొందిన సలహాదారు లైనులోకి వస్తారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. ముక్కూ మొహం తెలియని మనిషితో మాట ఎలా మొదలుపెట్టాలా అని తడబడవద్దు. "నాకు చనిపోవాలని ఆలోచనలు వస్తున్నాయి, ఈ రాత్రి ఎలా గడపాలో తెలియడం లేదు" అనండి. మిగతాది వాళ్లే అడుగుతారు. లైను కలవకపోతే మళ్లీ చేయండి. ప్రాణం మీదికి వచ్చేలా ఉందనిపిస్తే 108కి గానీ 112కి గానీ చేయించండి. ఆ సహాయవాణి నంబరు మీ ఫోనులో పిల్లలు చూస్తారని బెరుకుగా ఉంటే "మేనమామ" అని పేరు పెట్టి దాచుకోండి. కానీ ఈ వాక్యం చదవడం ఆపి, ఇప్పుడే దాచుకోండి.

ఇంకొక పని కూడా ఈ రోజే జరగాలి. తోట పెంచిన ఇంట్లో పొలం మందులు మిగిలే ఉంటాయి, కొట్టంలోనో అటక మీదనో. వాటిని పొద్దుగూకే లోపు ఇంట్లోంచి, పొలం నుంచి తీసేయించాలి. మీ చేతులతో కాదు, ఇంకొకరి చేత. ఎక్కడ పెట్టారో మీకు చెప్పవద్దని కూడా అడగండి. ఇక మీదట ఏ పంటకు అవసరమైనా, అవసరమైన రోజున, అవసరమైనంతే వేరొకరు తెచ్చి కొట్టి రావాలి. ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. చావాలనే ఆ ఉధృతి ఎంత గట్టిగా వచ్చినా అదే ఎత్తున ఎక్కువసేపు నిలవదు, వాగు పొంగినట్టు పొంగి దిగుతుంది. పొంగిన ఆ కాసేపు ప్రమాదం మనిషి చేతికి అందకపోతే, దిగాక ఆ మనిషి ఉంటాడు. చావు అంచు దాకా వెళ్లి బయటపడినవాళ్లలో అత్యధికులు ఆ తర్వాత ఆ దారిన పోలేదని ఎన్నో దేశాల్లో ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్లో తేలింది. మీరే చూశారు కదా. ఆ రాత్రికీ తెల్లవారింది. మీరు బండి ఎక్కారు. ఆ ఎక్కడం మీరు అనుకుంటున్నంత చిన్న విషయం కాదు.

నేను ఈ మాటలు చదివి నేర్చుకోలేదు. 2006లో నాకూ అలాంటి రాత్రులు వచ్చాయి. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఊరి బడిలో టీచరును. ఏడో నెలలో కడుపులో బిడ్డను పోగొట్టుకొని ఏడాది గడిచింది. ఇంట్లో అందరూ "ఇంకా ఎన్నాళ్లు, మరచిపో" అనేవారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, నేను బాగుపడాలనే అనేవారు. నేను మొదట నోరు విప్పింది మాత్రం వాళ్ల దగ్గర కాదు, బడిలో మధ్యాహ్న భోజనం వండే పెద్దామె దగ్గర. ఆమె గిన్నెలు తోముతోంది. నేను పక్కన కూర్చొని, "నాకు బతకాలని లేదమ్మా" అన్నాను. ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆమె గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. ఎందుకని అడగలేదు. దేవుడున్నాడు అనలేదు. "ఈ రాత్రికి మా ఇంట్లో పడుకో బిడ్డా" అంది. పడుకున్నాను. పొద్దున జొన్నరొట్టె చేసి పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. అలా తొమ్మిది రాత్రులు. పదో రోజున మా ఆయనను పిలిపించి, నా ఎదుటే, "ఈ పిల్లను పట్నంలో డాక్టరుకు చూపించు" అని చెప్పింది. ఏడాదిగా నా నోటికి రాని మాట అది. ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు.

మందులు వాడాను. మొదటి రెండు వారాలు ఏ తేడా తెలియలేదు. నోరు ఎండిపోయేది, పగలంతా మగతగా ఉండేది. మానేద్దామని రెండుసార్లు అనుకున్నాను. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే పప్పులో ఉప్పు తగ్గిందని తెలిసింది. ఏడాదిగా నాకు ఏ రుచీ తెలియలేదన్నది అప్పుడు తట్టింది. అదేమీ పండుగలా రాలేదు, ఉప్పు తగ్గిన పప్పులాగా వచ్చింది. తర్వాత కూడా చెడ్డ రాత్రులు వచ్చాయి, కానీ మధ్యలో ఎడం పెరుగుతూ పోయింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. పిరికివాడినా అని అడిగారు. మా మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి ఉంది, మీరు చూసే ఉంటారు. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు. లోపల చెదలు పట్టి ఒక పెద్ద కొమ్మ విరిగి పడితే, చూడవచ్చేవాళ్లను ఆపేశారు. 2018లో ఆ కొమ్మలకు ఆసుపత్రిలో మనిషికి కట్టినట్టు వందల సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. బరువు మోయలేని కొమ్మల కింద ఆసరాలు కట్టారు. నేను వెళ్లి గోడ అవతలి నుంచి చాలాసేపు చూశాను. ఆ చెట్టును పిరికిది అన్నవాళ్లు నాకు కనిపించలేదు. బత్తాయి చెట్టు ఆకు పసుపు పచ్చగా మారితే మీరు దాన్ని తిట్టరు, వేరు చూస్తారు, నేల చూస్తారు. పదకొండేళ్లు అలా చూసిన మనిషి తన విషయం వచ్చేసరికి తిట్టు వెతుక్కుంటున్నారు. మీకు వచ్చిన దానికి పేరు ఉంది. దాన్ని కుంగుబాటు అంటారు. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆశ లేకపోవడం, నేను బరువు అనిపించడం అందులో భాగాలు. పేరు ఖాయం చేయవలసింది డాక్టరు. చికిత్స మాత్రం ఉంది, పనిచేస్తుంది.

ఆసుపత్రికి నా కాలంలోలాగా పట్నం పోనక్కర లేదు. నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, దాని అనుబంధ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకోవాలి. చీటీ రాసే దగ్గర వరుసలో తెలిసినవాళ్లు ఉంటారని సంకోచమైతే అక్కడ "నిద్ర పట్టడం లేదు" అని చెప్పండి, అది అబద్ధం కాదు. లోపల డాక్టరుకు మాత్రం బోరు దగ్గర గడిపిన రాత్రి సంగతి మొత్తం చెప్పాలి. దాచి చెబితే నిద్ర మాత్రలు రాసి పంపిస్తారు, అవి మీకు చాలవు. మందులు ఇస్తే వాటిని కూడా మీ భార్య దగ్గర ఉంచి, ఏ పూటకు ఆ పూట తీసుకోండి. మీ జిల్లాలో తెలిసిన మొహాలు మరీ ఎక్కువనుకుంటే సూర్యాపేటలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఇలాంటి కాలేజీ ఆసుపత్రులే ఉన్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో కూడా 2022లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. కొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉండాలని డాక్టరు అంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు వింటే మన జిల్లాల్లో జనం నవ్వుతారు. ఆ నవ్వు వల్ల వైద్యం దాకా చేరనివాళ్లు ఉన్నారని తెలిసినప్పటి నుంచి నాకు ఆ నవ్వు వింటే కోపం వస్తుంది.

చీటీ మీద ఎవరూ పిచ్చి అని రాయరు. పోలీసుల భయం కూడా వదిలేయండి. మీకు వచ్చింది ఆలోచన, అది ఏనాడూ నేరం కాదు. ప్రయత్నం చేసినవాళ్లను కూడా తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలని, వాళ్లను విచారించి శిక్షించరాదని, వాళ్లకు చికిత్స అందేలా చూడడం ప్రభుత్వ బాధ్యత అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్‌లో ఉంది. పాత శిక్షాస్మృతిలో ప్రయత్నాన్ని నేరంగా చూసే, అందరూ భయపడే 309వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త న్యాయ సంహితలో అది లేదు. డాక్టరుకు మీరు చెప్పింది గోప్యంగా ఉంచడం కూడా అదే 2017 చట్టం మీకు ఇచ్చిన హక్కు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లకు చెబుతారు, చెప్పాలి కూడా.

మీరు లేకపోతే బరువు తగ్గుతుందని రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. తండ్రి అలా పోయిన పిల్లలు నా తరగతుల్లో కూర్చున్నారు. వాళ్ల సంగతులు ఇక్కడ రాయను, అవి వాళ్లవి. ఒక్కటి చెబుతాను. వాళ్లలో ఏ ఒక్కరూ నాతో అప్పు గురించి మాట్లాడలేదు. నాన్న గురించే మాట్లాడారు. నాన్న చొక్కా రంగు, నాన్న సైకిలు, ఆ రోజు పొద్దున నాన్న ఏమన్నాడు. మీ మీద తప్పు మోపడానికి ఇది రాయడం లేదు. వాళ్ల మీద ప్రేమ ఉండబట్టే మీకు ఆ ఆలోచన వచ్చింది. కుంగుబాటు ఆ ప్రేమనే పట్టుకొని తప్పు తూకం వేయిస్తుంది, ఒక తట్టలో ఆరు లక్షలు, ఇంకో తట్టలో మిమ్మల్ని పెట్టి. మీ అమ్మాయిని ఆ త్రాసు దగ్గరికి పిలిస్తే ఏమంటుందో మీకు తెలుసు.

అందుకే మీకు ఒక కట్టడి పెడుతున్నాను, అక్కగా. చీకటి పడ్డాక అప్పు లెక్క వేయకండి. పగలు పదకొండు గంటలకు లెక్క వేస్తే ఆరు లక్షలు ఆరు లక్షలే. రాత్రి రెండు గంటలకు వేస్తే అందులోకి కొట్టేసిన తోట, అమ్మాయి ఫీజు, ఎప్పుడో పెళ్లిలో బావమరిది అన్న మాట, అన్నీ వచ్చి కలుస్తాయి. ఆ మొత్తాన్ని ఏ మనిషీ తీర్చలేడు. రాత్రి లెక్క మొదలైందని తెలియగానే లేచి దీపం వేయండి, నీళ్లు తాగండి, ఇంకొకరిని లేపండి. తాగుడు కూడా ఆ లెక్కకే తోడవుతుంది. మొదటి గంట నిద్ర ఇస్తుంది, నడిరాత్రి లేపి కూర్చోబెడుతుంది, అప్పటికి ఆపుకొనే శక్తి కూడా తీసేస్తుంది. రోజూ ఎక్కువగా తాగుతుంటే ఒక్కసారిగా మానేయడం కూడా ఒంటికి ప్రమాదం కావచ్చు, అది డాక్టరుకు చెప్పి మానండి.

పగటి లెక్క ఒక ఆదివారం కూర్చొని చేయండి. మీ భార్య పక్కన ఉండాలి, వరుసకు పెద్దవాళ్లెవరైనా నమ్మకమైనవారు ఉంటే మంచిది. ఎవరికి ఎంత, మిత్తి ఎంత, ప్రోనోటు ఏ తేదీది, అన్నీ అబ్బాయి పాత నోటుబుక్కులో రాయండి. బ్యాంకు వాళ్లు పిలిచేదాకా ఆగకుండా మీరే వెళ్లి, తోట ఎండిపోయిందని కాగితం మీద రాసిచ్చి, గడువు పెంచమని, వాయిదాలు మార్చమని అడగండి. బ్యాంకుల తరఫున, ఫైనాన్సు సంస్థల తరఫున వసూలుకు వచ్చేవాళ్లు బెదిరించకూడదని, నలుగురిలో అవమానించకూడదని, ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. ప్రోనోట్ల అప్పుల విషయంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. అర్హత ఉన్నవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు, లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోబెడతారు. ఇవన్నీ చేసినా అప్పు మాయమైపోదు. తీరడానికి ఏళ్లు పట్టవచ్చు, ఒక ఎకరం పోవచ్చు, పట్నంలో కొన్నాళ్లు కూలి చేయవలసి రావచ్చు. పాలమూరు వాళ్లం మాకు అది కొత్త కాదు. అదంతా కష్టమే. పగటి పూట పడవలసిన కష్టం.

భార్యకు ఎలా చెప్పాలి? ఆమె తట్టుకోలేదని మీరు అనుకుంటున్నారు. నెల రోజులుగా మీరు తినడం లేదని, నిద్రపోవడం లేదని, ఆ తెల్లవారుజామున పక్క ఖాళీగా ఉందని ఆమెకు తెలుసు. ఏమీ తెలియకుండా తట్టుకోవడం తెలిసి తట్టుకోవడం కంటే కష్టం. పిల్లలు పడుకున్నాక కాకుండా పగలు చెప్పండి, ఇద్దరూ ఏదో పని చేసుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూడనక్కర లేకుండా. చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పండి. "కిందటి నెల ఒక రాత్రి నాకు చనిపోవాలనిపించింది. ఇప్పుడు నీతో ఉన్నాను. మళ్లీ అలా అనిపిస్తే నిన్ను లేపుతాను. ఆసుపత్రికి నాతో రా." అంతే. ఆమె ఏడుస్తుంది. ఏడవనివ్వండి. కోపం కూడా రావచ్చు, భయపడిన మనిషికి ముందు వచ్చేది అదే.

ఆమెకు చెప్పడం నిజంగా చేత కాకపోతే, పాల బండి అతనికి చెప్పండి. ఒకసారి ఏమీ అడగకుండా బండి ఎక్కించుకున్న మనిషి. "ఆ రోజు నువ్వు రాకపోతే ఏమయ్యేదో తెలియదు" అంటే అతనికి అర్థమవుతుంది. పొలం మందుల సీసాలు తీసుకుపోవడానికి, నల్లగొండ ఆసుపత్రికి తోడు రావడానికి కూడా అతనినే అడగవచ్చు. ఊరందరి ముందు తలెత్తుకోవడం గురించి ఇప్పుడు ఆలోచించకండి. చెప్పవలసింది ఊరికి కాదు, ఒక్కరికి.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు రెండు మాటలు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి మనిషి ఉన్నారనిపిస్తే, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. పుట్టదు. ఉన్నదైతే చెప్పుకోవడానికి చోటు దొరుకుతుంది. పిల్లల మొహం చూసి బతకమని హితవు చెప్పకండి. వాళ్లు ఆ మొహాలు చూస్తూనే ఉన్నారు. పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, 14416కు మీరే కలిపి ఫోను చేతికి ఇవ్వండి.

తమ్ముడూ, మీ ఉత్తరం మీద చిరునామా లేదు. ఉంటే ఈ పాటికి మీ ఇంటి తలుపు తట్టేదాన్ని. పోస్టాఫీసు ముద్ర సగం చెరిగిపోయింది, నల్లగొండ జిల్లా అని మాత్రం తెలుస్తోంది. ఆసుపత్రికి వెళ్లి వచ్చాక నాకు రెండు ముక్కలు రాయండి. రాయడానికి మాటలు రాకపోతే ఖాళీ కార్డు పోస్టు చేయండి. ఆ ముద్ర చూసి గుర్తు పడతాను.